పగటి నడకకూ, ఒక రాత్రి బసకూ ఒకే ట్రెక్కింగ్ బ్యాగు సరిపోతుందా?

ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వెంట జ్వాలా నరసింహస్వామి గుడికి, అక్కడి నుంచి ఇంకా పైకి ఉగ్రస్తంభానికి వెళ్లే దారిలో ఏ సెలవురోజు చూసినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. చాలామంది వీపున ఉండేది కాలేజీకో ఆఫీసుకో వేసుకెళ్లే ల్యాప్‌టాప్ బ్యాగే. అందులో మూడు నాలుగు నీళ్ల సీసాలు, పులిహోర డబ్బా, తువ్వాలు. గంట గడిచేసరికి రెండు బొటనవేళ్లూ భుజం పట్టీల కిందికి దూరతాయి. పట్టీని కాస్త ఎత్తి పట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది, వదిలితే మళ్లీ కోత మొదలు. బరువు ఎక్కువైందని, ఈసారి తక్కువ తేవాలని అనుకుంటూ ఎక్కుతారు. కానీ ఆరేడు కిలోలు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు పెద్ద బరువేమీ కాదు. ఆ బరువు దిగాల్సిన చోట దిగకుండా భుజాలకే వేలాడుతోంది, అదీ బాధ.

అలా ఒకటి రెండుసార్లు భుజాలు పుండయ్యాక మంచి బ్యాగు కొందామని బయల్దేరేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న "ఎన్ని లీటర్లు?" అన్నది. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒకే సలహా ఉంటుంది. పగటి నడకకు ఇరవై లీటర్ల తేలికైన బ్యాగు, దానికి నడుం బెల్టు అక్కర్లేదు. రాత్రి ఉండాలంటే నలభై అయిదు, యాభై లీటర్ల పెద్ద బ్యాగు. అంటే రెండు కొనాలి. లేదా ఏడాదికి ఒకసారి వచ్చే రాత్రి కోసం పెద్దది కొని, మిగతా నడకలన్నింటికీ సగం ఖాళీ సంచిని వేలాడేసుకుని తిరగాలి.

ఈ లెక్క చల్లటి దేశాల్లో పుట్టింది. ఆల్ప్స్‌లో దారి పొడవునా భోజనం దొరికే కొండ విడుదులు ఉంటాయి. స్కాట్లండ్‌లో అడుగడుగునా వాగులు పారుతుంటాయి. అక్కడ పగలు మోసే నీళ్లు తక్కువ, రాత్రి కప్పుకోవాల్సినవి ఎక్కువ. తూర్పు కనుమల్లో, నల్లమలలో, శేషాచలంలో ఈ రెండూ తలకిందులవుతాయి. ఇక్కడి పగటి బ్యాగు వాళ్లు చెప్పినదానికన్నా బరువుగా ఉంటుంది. ఇక్కడి రాత్రి బ్యాగు వాళ్లు చెప్పినదానికన్నా చిన్నగా ఉంటుంది. రెంటి మధ్య దూరం అంతగా తగ్గిపోయాక రెండు బ్యాగుల అవసరం ఉండదు. మన కొండల్లో నడిచేవాళ్లు బ్యాగు ఎంచుకోవడంలో మిగతా అన్ని నిర్ణయాలూ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి, దీన్ని లెక్క వేసి చూడటం మంచిది.

ముందు పగలు. ఫిబ్రవరి దాటితే మన అడవుల్లో చాలా వాగులు ఎండిపోతాయి. ఉదయం ఆరింటికి బయల్దేరి సాయంత్రం దిగే నడకకు మనిషికి మూడు నుంచి నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. ఎండాకాలమైతే నాలుగూ తాగేస్తారు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి అక్కడే నాలుగు కిలోలు. చపాతీలో పులిహోరో, అరటిపండ్లు, పల్లీ చిక్కీలు కలిపి ఇంకో కిలో. హెడ్‌టార్చ్, పవర్‌బ్యాంక్, దూది కట్టు మందులు, వాన కోటు, ఒక పొడి టీషర్టు కలిస్తే మరో కిలో దగ్గరికొస్తాయి. బ్యాగు సొంత బరువు కిలో పైచిలుకు. మొత్తం ఏడు కిలోలు. ఇదంతా సర్దితే పట్టే చోటు మాత్రం పదిహేను లీటర్లకు మించదు. చోటు తక్కువ, బరువు ఎక్కువ. మన పగటి నడక సామాను స్వభావమే అది. లీటర్ల లెక్కన ఇరవై లీటర్ల పల్చటి సంచి సరిపోతుందనిపిస్తుంది, కిలోల లెక్కన చూస్తే ఆ సంచి భుజాలను కోసేస్తుంది.

ఇక రాత్రి. రెండు తెలుగు రాష్ట్రాల్లో అడవిలో మనకు నచ్చిన చోట టెంటు వేసుకునే వీలు చాలా తక్కువ. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి గడపడం కుదరదు, కుదరకూడదు కూడా. కాబట్టి రాత్రి బస అంటే చాలాసార్లు అటవీశాఖ కాటేజీ, అహోబిలంలో సత్రం, మన్యంలో ఎవరింట్లోనో ఒక గది. వాటికి కావాల్సింది దుప్పటి, జత బట్టలు, సబ్బు, బ్రష్షు. టెంటు వేసుకునే అవకాశం దొరికినా చలి పెద్దది కాదు. లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వెళ్లిందని వార్తలు వస్తుంటాయి గానీ, అది లంబసింగి ప్రత్యేకత. మిగతా కొండల్లో చలికాలం కూడా చాలా రాత్రులు పది డిగ్రీల పైనే ఉంటాయి. పది డిగ్రీల చలికి సరిపోయే స్లీపింగ్ బ్యాగ్ సుమారు కిలో బరువుండి, నొక్కి కడితే ఏడెనిమిది లీటర్ల చోటు తీసుకుంటుంది. ఇద్దరు పట్టే టెంటు రెండున్నర కిలోలు అనుకుంటే గుడ్డ ఒకరు, కడ్డీలు ఒకరు పంచుకోవచ్చు. ఫోమ్ మ్యాట్ నాలుగు వందల గ్రాములు, అది బ్యాగు బయటే కట్టాలి. బట్టలు, మరో రెండు పూటల తిండి కలుపుకుంటే మొత్తం పదకొండు కిలోలు, ముప్పై అయిదు లీటర్లు.

ఏడు కిలోలు, పదకొండు కిలోలు. తేడా నాలుగు కిలోలే. ఏడు కిలోలను హాయిగా మోయాలంటే కావాల్సిన నడుం బెల్టూ, వీపు ఫ్రేమూ ఉన్న బ్యాగు పదకొండు కిలోలను కూడా మోసేస్తుంది. ముప్పై నుంచి ముప్పై ఎనిమిది లీటర్ల మధ్య, ఒళ్లెరిగి ఎంచుకున్న ఒక బ్యాగు పగటికీ రాత్రికీ సరిపోతుందని గట్టిగా చెప్పగలిగేది ఈ లెక్క వల్లే.

బరువు ఎక్కడ దిగాలి?

బరువు మోయడం గురించి మన పల్లెల్లో తెలియనిది లేదు. నెత్తిన బిందె పెట్టుకునేవాళ్లు ముందు చుట్టకుదురు పెట్టుకుంటారు. గుండ్రటి అడుగున్న బిందె తల మీద ఒక్క బిందువు దగ్గర గుచ్చుకోకుండా, కుదురు ఆ బరువును చుట్టూ పరుస్తుంది. తర్వాత అది మెడ, వెన్నుపూసల మీదుగా నిట్టనిలువుగా నేలకు దిగుతుంది. కావడి మోసేవాళ్లు బరువును రెండు వైపులా సమంగా విడగొట్టి భుజం మీద తూకం నిలుపుతారు. నేపాల్‌లో పోర్టర్లు డోకో అనే వెదురు బుట్టను నామ్లో అనే పట్టీతో నడినెత్తికి తగిలించుకుంటారు. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, అక్కడి మగ పోర్టర్లు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం మోస్తున్నారని లెక్కగట్టింది. వీటన్నిటిలోనూ సూత్రం ఒక్కటే. బరువు వెన్నెముక గీతకు దగ్గరగా ఉండాలి, మెత్తటి కండను వదిలి గట్టి ఎముక మీద ఆనాలి.

వీపుకు తగిలించుకునే సంచి ఈ సూత్రాన్ని పుట్టుకతోనే తప్పుతుంది. బరువు వెన్నెముకకు వెనక్కి వెళ్లిపోతుంది, మనిషిని వెనక్కి లాగుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి మనం ముందుకు వంగుతాం. నీళ్ల బకెట్‌ను ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చెయ్యి చాపి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే ఇక్కడా పనిచేస్తుంది. బకెట్ బరువు మారదు, దూరం మారితే చాలు చెయ్యి పడిపోతుంది. పైగా భుజం మీద మెడకూ చేతికీ మధ్య ఒక నరాల కట్ట వెళ్తుంది. సన్నటి పట్టీ దాన్ని గంటల తరబడి నొక్కితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బరువులతో మార్చ్ చేసే సైనికుల్లో ఇది ముదిరి చెయ్యి బలహీనపడిన సందర్భాలున్నాయి. వైద్యులు దానికి రక్‌సాక్ పాల్సీ అని పేరే పెట్టారు.

బ్యాగు చరిత్ర అంతా ఈ లోపాన్ని దిద్దే ప్రయత్నమే. నార్వేకు చెందిన ఓలె బెర్గాన్ 1909లో వీపు వంపుకు తగ్గ ఫ్రేమ్ ఉన్న బ్యాగుకు పేటెంట్ తీసుకున్నాడు. 1950ల మొదట్లో అమెరికాలో డిక్ కెల్టీ అల్యూమినియం ఫ్రేమ్‌కు నడుం పట్టీ జోడించిన బ్యాగులు అమ్మడం మొదలుపెట్టాడు. బరువు భుజాల నుంచి తుంటికి దిగిందంటే ఎక్కువగా ఆయన చలవే. 1967లో గ్రెగ్ లోవ్ ఆ ఫ్రేమ్‌ను బ్యాగు లోపలికి చేర్చి, సంచిని వీపుకు అతుక్కునేలా చేశాడు. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే ట్రెక్కింగ్ బ్యాగుల్లో చాలావాటికి మూలం అదే.

ఈ వందేళ్ల పనిని ఒక్క ముక్కలో చెప్పాలంటే, కొనేవాళ్లు చూడాల్సింది తుంటి ఎముక. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే రెండు పక్కలా వేళ్లకు తగిలే ఎముక పై అంచు ఉంటుందే, నడుం బెల్టు సరిగ్గా దాన్ని కప్పుతూ కూర్చోవాలి. బెల్టు వెడల్పులో సగం అంచుకు పైన, సగం కింద. చాలామంది చీర కుచ్చిళ్లు దోపే చోట, లేదా ప్యాంటు బెల్టుకు పైన మెత్తటి పొట్ట మీద బిగిస్తారు. అక్కడ బిగిస్తే ఊపిరి ఆడదు, బరువూ దిగదు.

ఇక్కడే ఒక మోసం గురించి హెచ్చరించాలి. తక్కువ ధర బ్యాగుల్లో నడుం దగ్గర సన్నటి నైలాన్ పట్టీ ఒకటి ఉంటుంది. ప్యాకింగ్ మీద దాన్నీ హిప్ బెల్ట్ అనే రాస్తారు. అది బ్యాగు అటూ ఇటూ ఊగకుండా ఆపుతుందే గానీ గ్రాము బరువు కూడా మోయదు. నిజమైన నడుం బెల్టుకు రెండు పక్కలా అరచేయి వెడల్పున గట్టి స్పాంజి రెక్కలు ఉంటాయి, అవి తుంటిని పక్కల నుంచి చుట్టుకుంటాయి. అంతకన్నా ముఖ్యంగా, ఆ బెల్టు వీపు వైపు ఫ్రేమ్‌కు కలిసి ఉండాలి. ఫ్రేమ్ లేకుండా బెల్టు ఎంత మందంగా ఉన్నా లాభం లేదు. పైన ఉన్న బరువును కిందికి మోసుకొచ్చే గట్టి వస్తువు ఏదో ఒకటి ఉండాలి కదా. అది అల్యూమినియం కడ్డీ కావచ్చు, తీగ చట్రం కావచ్చు, ప్లాస్టిక్ పలక కావచ్చు. దుకాణంలో దీన్ని తెలుసుకోవడం సులువు. ఖాళీ బ్యాగును నేల మీద నిలబెట్టి, పైనుంచి రెండు చేతులతో కిందికి నొక్కాలి. నిలబడితే ఫ్రేమ్ ఉన్నట్టు. గోనెసంచిలా కుప్పకూలితే లేనట్టు.

వీపు కొలత

చెప్పులకు సైజు ఉన్నట్టే బ్యాగుకూ ఉంటుంది. ఈ సంగతి తెలియక నష్టపోయేవాళ్లే ఎక్కువ. మనిషి ఎత్తును బట్టి దీన్ని చెప్పలేం. ఆరడుగుల మనిషికి పొడవు కాళ్లూ పొట్టి వీపూ ఉండొచ్చు, అయిదడుగుల ఆమెకు వీపే పొడవుగా ఉండొచ్చు. కొలవడానికి టైలర్ టేపు, సాయానికి ఇంకొక మనిషి చాలు. తల ముందుకు వంచితే మెడ కింద వెనుక వైపు ఒక ఎముక బుడిపెలా పైకి తేలుతుంది. అది ఒక కొస. నడుం మీద చేతులు పెట్టి, బొటనవేళ్లు వెనక్కి తిప్పితే, రెండు తుంటి ఎముకల పై అంచులను కలిపే గీత వెన్నెముకను తాకే చోటు రెండో కొస. ఆ రెంటి మధ్య టేపును వీపు వంపు వెంట ఆనించి కొలవాలి. పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా నలభై నుంచి యాభై సెంటీమీటర్ల మధ్య ఉంటుంది.

ఈ కొలత తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. బ్యాగు వీపు పొట్టిదైతే నడుం బెల్టు పొట్ట మీదికి వచ్చేస్తుంది. పొడవైతే బెల్టు పిరుదుల మీదికి జారుతుంది, భుజం పట్టీలకూ భుజానికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు ఒకే మోడల్‌ను రెండు మూడు వీపు సైజుల్లో తెస్తాయి. కొన్నిట్లో భుజం పట్టీలను పైకీ కిందికీ జరిపే వెల్క్రో ఏర్పాటు ఉంటుంది. ముప్పై అయిదు లీటర్ల తరగతిలో ఇలా జరిపే వీలున్నవి తక్కువ, ఉన్నా కాస్త బరువెక్కువ. అయినా ఒకే బ్యాగును ఇంట్లో ఇద్దరు వాడుకునేటట్టయితే రెండు వందల గ్రాములు ఎక్కువైనా అలాంటిదే తీసుకోవడం మంచిది.

ఆడవాళ్ల బ్యాగులని వేరుగా అమ్మేవి రంగు మార్చినవేనన్న అనుమానం చాలామందికి ఉంది. మంచి కంపెనీల్లో తేడా నిజంగానే ఉంటుంది. భుజం పట్టీలు దగ్గర దగ్గరగా, ఛాతీ పక్క నుంచి వెళ్లేలా ఎక్కువ వంపుతో ఉంటాయి. నడుం బెల్టు రెక్కలు తుంటి వాలుకు తగ్గట్టు ఏటవాలుగా ఉంటాయి. భుజాలు సన్నగా ఉన్న మగవాళ్లకు కూడా ఇవి బాగా కుదరొచ్చు. పేరు చూడక్కర్లేదు, వేసుకుని చూస్తే చాలు.

వీపుకు గాలి ఆడాలా?

మన ఎండలకు ఇది పెద్ద ప్రశ్న. 1984లో జర్మనీ కంపెనీ డాయిటర్ వీపుకూ సంచికీ మధ్య ఖాళీ ఉండేలా బిగుతు వల కట్టిన బ్యాగును తెచ్చింది. నులక మంచంలా సాగిన ఆ వల మీద వీపు ఆనుతుంది, వెనుక నుంచి గాలి వెళ్తుంది. ఇప్పుడు చాలా కంపెనీలు అలాంటివి చేస్తున్నాయి. ఏప్రిల్‌లో అనంతగిరి కొండల్లో తిరిగేవాళ్లకు ఇది చూడగానే నచ్చేస్తుంది.

నచ్చడంలో తప్పు లేదు, కానీ దాని వెల తెలియాలి. ఆ ఖాళీ వల్ల సంచి వీపు నుంచి కొన్ని సెంటీమీటర్లు దూరం జరుగుతుంది. బకెట్‌ను ఒంటికి దూరంగా పట్టుకున్నట్టే. అయిదారు కిలోలకు ఇది తెలియదు, పదకొండు కిలోలకు తెలుస్తుంది. ఫ్రేమ్ విల్లులా వంగి ఉండటం వల్ల సంచి లోపల నడిమి భాగం ఇరుకవుతుంది, మడత పెట్టిన వస్తువులు సర్దడం కష్టమవుతుంది. రాళ్లు పట్టుకుని ఎక్కే చోట, ఉదాహరణకు ఉగ్రస్తంభం దగ్గర చివరి ఎక్కుడులో, వీపుకు అతుక్కోని బ్యాగు ఒక పక్కకు లాగి మనిషిని తూలేలా చేస్తుంది. పైగా తీర ప్రాంతపు ఉక్కపోతలో గాలి ఆడినా చెమట తొందరగా ఆరదు. కాబట్టి వల బాగా పనిచేసేది తెలంగాణ, రాయలసీమ పొడి ఎండల్లో, మెట్ల దారుల్లో. బండలెక్కడం, వాగులు దాటడం ఎక్కువగా ఉండేవాళ్లకు, మధ్యలో గాలి కాలువలు వదిలిన మందపాటి స్పాంజి వీపు ఉన్న బ్యాగే నమ్మకమైనది. రెంటిలో ఒకటే ఎంచుకోమంటే, పగలూ రాత్రీ ఒకే బ్యాగు వాడాలనుకునేవాళ్లకు ఈ వ్యాసం మొగ్గేది స్పాంజి వీపు వైపే. చెమటకు ఒక పొడి టీషర్టు మార్చుకోవచ్చు. తూలి పడితే మార్చుకోవడానికి ఏమీ ఉండదు.

లీటర్ల విషయానికి మళ్లీ వస్తే, ఒక కంపెనీ ముప్పై అయిదు లీటర్లు ఇంకో కంపెనీ ముప్పై అయిదు లీటర్లతో సమానం కానక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ బంతులతో నింపి కొలిచే ప్రామాణిక పద్ధతి ఉన్నా, బయటి వల జేబులను కలిపి చెప్పేవాళ్లూ ఉన్నారు, వదిలేసేవాళ్లూ ఉన్నారు. అందుకని సామాను ముందు, బ్యాగు తర్వాత. స్లీపింగ్ బ్యాగో దుప్పటో, వాన కోటు, నీళ్ల సీసాలు, టెంటులో సగం, అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, పెట్టె పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వచ్చేస్తాయి. ఇంట్లో కూర్చుని అయిదు నిమిషాల్లో అయ్యే పని.

రాత్రికి సరిపోయే బ్యాగు పగలు సగం ఖాళీగా ఉంటుంది కదా అన్నది న్యాయమైన సందేహం. దానికి జవాబు పక్కల ఉండే కంప్రెషన్ పట్టీలు. ఒక్కో పక్క పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి. వాటిని బిగిస్తే ముప్పై అయిదు లీటర్ల బ్యాగు ఇరవై లీటర్లంత పల్చగా వీపుకు అతుక్కుంటుంది, లోపలి నీళ్ల సీసాలు గుడగుడలాడవు. ఈ పట్టీలు లేని బ్యాగును రెండు పనులకూ కొనకూడదు. అవే పట్టీల కింద రాత్రి నడకకు మ్యాట్ దూర్చవచ్చు. సర్దేటప్పుడు నీళ్లు, తిండి లాంటి బరువైనవి వీపుకు ఆనించి, భుజం ఎముకల మధ్య ఎత్తులో ఉండాలి. స్లీపింగ్ బ్యాగ్ అడుగున, తేలికైన బట్టలు బయటి వైపు.

జేబుల గురించి విదేశీ సలహాలు చెప్పని విషయం ఒకటుంది. మన గుళ్ల కొండల్లో కోతులున్నాయి. అహోబిలంలో, శ్రీశైలంలో, తిరుమల మెట్ల దారిలో పక్క జేబులో కనిపించే బిస్కెట్ ప్యాకెట్, ప్లాస్టిక్ కవరు చప్పుడు వాటికి పిలుపులాంటివి. తిండి మొత్తం జిప్ వేసే ప్రధాన అరలోనే ఉండాలి. పైన తాడు బిగించి మూత పెట్టే బ్యాగుల్లో ఆ మూత కింద పెట్టాలి. బయటి వల జేబులు నీళ్ల సీసాకూ, తడి తువ్వాలుకూ బాగుంటాయి గానీ, రేగు కంపల మధ్య నడిచే దారుల్లో మొదట చిరిగేవి అవే. వలకు బదులు సాగే మందపాటి గుడ్డతో కుట్టిన పక్క జేబులున్నవి దొరికితే వదలకూడదు. గొట్టంతో తాగే వాటర్ బ్లాడర్ కోసం లోపల ప్రత్యేకమైన అర చాలా బ్యాగుల్లో ఉంటుంది. బ్లాడర్‌లో ఎన్ని నీళ్లు మిగిలాయో బయటికి తెలియదు. నీళ్లు దొరకని ఎండాకాలపు దారిలో ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. లీటరు సీసాలు నాలుగైతే ఎన్ని ఖాళీ అయ్యాయో కంటికి కనిపిస్తుంది, ఎప్పుడు వెనక్కి తిరగాలో తెలుస్తుంది.

గుడ్డ విషయంలో తికమకపడక్కర్లేదు. లేబుల్ మీద కనిపించే డెనియర్ దారం మందానికి కొలత. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. బ్యాగు ఒంటికి 210 డెనియర్ నైలాన్, రాళ్లకు రాసుకునే అడుగు భాగానికి 420 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మన కొండలకు చాలు. జిప్పులూ బకిల్సూ అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే గుడ్డ చిరిగితే దర్జీ కుడతాడు, దారి మధ్యలో నడుం బెల్టు బకిల్ విరిగితే ఏం చేయలేం. దుకాణంలోనే బకిల్‌ను పదిసార్లు పెట్టి తీయాలి. జిప్ మూలల దగ్గర ఆగకుండా తిరగాలి.

వానకు రెయిన్ కవర్ ఒక్కటే సరిపోదు. జోరువానలో నీళ్లు మెడ మీదుగా వీపు వైపు జారి, కవర్ లేని ఆ పక్క నుంచే లోపలికి చేరతాయి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వేళ శేషాచలంలోకి వెళ్లేవాళ్లకు ఇది అనుభవమే. లోపల ఒక మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, అందులో సామాను సర్ది మూతి మెలిపెట్టి కడితే బ్యాగు వాగులో పడినా బట్టలు పొడిగా ఉంటాయి. ఇంటికొచ్చాక బ్యాగును నీడలో ఆరబెట్టి దాచాలి. గుడ్డ లోపలి వైపు ఉండే పాలీయురెథేన్ పూత తేమకు నెమ్మదిగా విరిగిపోతుంది. తడి బ్యాగును అటక మీద పడేస్తే కొన్ని వానాకాలాలకు లోపల జిగటగా మారి, పొట్టులా రాలిపోవడం, ఒక రకం పులిసిన వాసన రావడం అందుకే. వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఆ పని ఇంకా ముందే జరుగుతుంది.

ఏడాదికొకసారి హిమాలయాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగి, ముప్పై అయిదు లీటర్లు దానికి చాలవు కదా అనుకోవచ్చు. 3,810 మీటర్ల కేదార్‌కంఠకు డిసెంబరులో వెళ్తే రాత్రులు సున్నాకు చాలా కిందికి పోతాయి, ఆ చలికి సరిపడే స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటే బ్యాగులో సగం తినేస్తుంది. కానీ అలాంటి ట్రెక్‌లకు మన దగ్గరి నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది నిర్వాహకుల బృందాలతోనే వెళ్తారు. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, వంట సామాను వాళ్లే ఇస్తారు, వాటిని కంచరగాడిదల మీద పంపిస్తారు. మనిషి మోయాల్సింది వెచ్చటి బట్టలు, వాన కోటు, నీళ్లు. అవి మందంగా ఉంటాయి కాబట్టి ముప్పై ఎనిమిది లీటర్లలో ఇరుకుగా పడతాయి, అయినా పడతాయి. తన టెంటు తానే మోసుకుంటూ నాలుగైదు రోజులు నడిచేవాళ్లకు మాత్రం యాభై అయిదు, అరవై లీటర్ల బ్యాగు తప్పదు. అలాంటి ప్రయాణం ఒక్కటే ఉంటే, ఆ ఒక్కదానికీ అద్దెకు తీసుకోవడం తెలివైన పని. ట్రెక్‌లు మొదలయ్యే ఊళ్లలో అద్దె బ్యాగులు దొరుకుతాయి.

అన్నీ చూసి ఒకటి నచ్చాక, కొన్న వెంటనే, వాపసు గడువు ముగియకముందే దాన్ని ఇంట్లో పరీక్షించాలి. అయిదు కిలోల బియ్యం ప్యాకెట్‌ను ఒక దుప్పటి మధ్యలో చుట్టి, అడుగున మరో దుప్పటి పెట్టి, బియ్యం వీపు నడుమ ఎత్తులో ఉండేలా సర్దాలి. రెండు లీటరు సీసాలు చేర్చాలి. ట్యాగులు తీయకుండా, అన్ని పట్టీలూ వదులు చేసి వేసుకోవాలి. ముందు నడుం బెల్టు తుంటి మీద బిగించాలి. తర్వాత భుజం పట్టీలు, భుజానికి ఆనేంతే, లాగేసేంత కాదు. ఆ తర్వాత భుజం మీది నుంచి బ్యాగు పైభాగానికి వెళ్లే చిన్న పట్టీలు ఉంటే వాటిని కొద్దిగా. చివర ఛాతీ పట్టీ. అపార్ట్‌మెంట్ మెట్లు అరగంట ఎక్కి దిగాలి. హైదరాబాద్ వాళ్లకైతే, కొన్నాక మొదటి నడకకు భువనగిరి కోట చక్కటి చోటు. అంతా ఒకే బండ, మెట్లు, వాలు, ఎండ, అన్నీ గంటలో ఎదురవుతాయి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట బండలెక్కడం నేర్చుకున్నదీ అక్కడే.

బ్యాగు దించాక అద్దం ముందు నిలబడి ఒళ్లు చూసుకోవాలి. భుజాల పైన ఎర్రటి చారలుంటే బరువు ఇంకా భుజాల మీదే ఉంది. నడుం బెల్టును ఒక అంగుళం పైకి జరిపి, భుజం పట్టీలు వదులు చేసి మళ్లీ ఎక్కాలి. చంకల ముందు రాపిడి ఉంటే పట్టీల వంపు ఆ ఒంటికి సరిపోలేదు, దానికి మందు లేదు, వాపసు ఇచ్చేయాలి. వీపు కింది భాగంలో ఒకే చోట గుచ్చుకున్నట్టుంటే ఫ్రేమ్ కొస తగులుతోంది, సైజు మార్చాలి. తుంటి ఎముకల మీద రెండు పక్కలా సమంగా, తేలిగ్గా ఒత్తిన గుర్తులుండి, భుజాలు మామూలుగా ఉంటే ట్యాగులు కత్తిరించవచ్చు.